బంతి ముందు మస్తాన్‌బీకి

సన్మానంలో మాట్లాడమని ఫోన్ చేసినప్పుడే చెప్పాను, నేను మాట్లాడితే మీకు నచ్చదని. ఫోన్ చేసినావిడ మా కాలేజీ పూర్వ విద్యార్థినుల సంఘం కార్యదర్శి. నాకంటే బాగా చిన్నది. గలగలా నవ్వేసి, "భలేవారే మేడమ్, మీరు సరదాగా మాట్లాడతారని అందరూ చెప్పారు" అంది. నేను సరదాకి మాట్లాడింది తక్కువ. కోపం వస్తే మాట్లాడతాను, వినేవాళ్లకి అది సరదాగా ఉంటే నా బాధ్యత కాదు. కోటేశ్వరరావు మాస్టారికి ఎనభై దాటాయట. ఆయన ఇరవై ఏళ్లు మాకూ మా తర్వాతివాళ్లకూ ఆటలు నేర్పిన బాస్కెట్‌బాల్ కోర్టుకి కొత్తగా రంగులు వేయించి, అక్కడే శాలువా కప్పుతారట. "మస్తాన్‌బీ లాంటి క్రీడాకారిణిని తయారుచేసిన గురువు" అని ఫ్లెక్సీ కూడా కొట్టించేశారట. ఆ మాట వినగానే నా అరికాలి మంట నెత్తికెక్కింది. తయారుచేయడం ఏమిటి? మస్తాన్‌బీ అంత ఎత్తున తయారయ్యే మా కాలేజీకి వచ్చింది. ఆ ఎత్తుని ఆయన వాడుకున్నాడు. వాడుకోవడానికీ తయారుచేయడానికీ తేడా తెలియనివాళ్లు ఫ్లెక్సీలు రాయకూడదు. ఈ మాటే ఆవిడతో అన్నాను. ఆవిడ మళ్లీ నవ్వి, "చూశారా, ఎంత సరదాగా మాట్లాడారో" అంది.

మస్తాన్‌బీది పొదిలి. వాళ్ల నాన్న దూది ఏకి పరుపులు కుట్టేవాడు. విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, పిలిచిన ఇంటి వసారాలోనే పాత పరుపు విప్పి, దూది దులిపి, మళ్లీ కుట్టి ఇచ్చేవాడు. ఆరడుగులకి ఏ కాస్తో తక్కువ ఉండే కూతుర్ని డిగ్రీకి గుంటూరు పంపించాడంటే ఆ మనిషి ధైర్యం మామూలుది కాదు. మస్తాన్‌బీకి మాత్రం ఆ ధైర్యం రాలేదు. మెడ భుజాల్లోకి దించుకుని, భుజాలు ముందుకి వంచుకుని, ఉన్న ఎత్తులో నాలుగంగుళాలు ఎక్కడో దాచిపెట్టినట్టు నడిచేది. క్లాసులో ఆఖరి బెంచీ, గోడవైపు చివర. అడ్మిషన్ల రోజు ఆఫీసు ముందు వరసలో ఆ మనిషిని కోటేశ్వరరావు మాస్టారు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. సంతలో గిత్త చుట్టూ తిరిగినట్టు ఆ పిల్ల చుట్టూ ఓ ప్రదక్షిణ చేశాడు.

"ఏ ఊరమ్మా నీది?"

"పొదిలండి."

"ఆడతావా?"

"ఏందండి ఆడేది?"

"ఏదైతే ఏంటి! ముందు ఆడతావా లేదా అది చెప్పు."

"మా నాయన్నడగాలండి."

"మీ నాయన కూడా ఇంతెత్తు ఉంటాడా?"

"లేదండి. మా జేజండి, నాయన వాళ్లమ్మ."

"అయితే జాతి మంచిదే" అన్నాడు మాస్టారు. వరసలో ఉన్న మేమందరం నవ్వాం. మస్తాన్‌బీ ఇంకో అంగుళం వంగింది.

ఆ 'జాతి' అన్న మాట నోరుజారి వచ్చింది కాదు. మాస్టారిది పెదకాకాని పక్కన ఊరు. వాళ్ల ఇంట తాత ముత్తాతల నుంచి బండలాగుడు పోటీలకి ఎడ్లను మేపుతారు. బరువైన రాతి బండకి గొలుసు కట్టి, జత ఎడ్లు దాన్ని ఎంత దూరం ఈడిస్తే అంత గొప్ప. తిరునాళ్ల సమయంలో ఆయన కాలేజీకి సెలవు పెట్టి మరీ పోయేవాడు. తిరిగొచ్చాక వారం రోజులు ఆ బండ సంగతులే, ఏ ఊరి జత ఎక్కడ మోకాళ్ల మీద కూలబడిందో, ఏ ఊరిది నురగలు కక్కుతూ కూడా ఆగలేదో. స్వతహాగా ఆయన వాలీబాల్ ఆటగాడు. బాస్కెట్‌బాల్ ఎక్కడా ఆడలేదు. పుస్తకంలో గీతలు చూసి నేర్చుకుని మాకు నేర్పేవాడు. పుస్తకంలో అర్థం కానిచోట ఎడ్ల పరిజ్ఞానం వాడేవాడు. మా అదృష్టం కొద్దీ ఆ పుస్తకంలో అర్థం కాని పేజీలే ఎక్కువ. జతలో ఏ గిత్త బలమైనదో కనిపెట్టి భారమంతా దాని మీద పడేలా కాడి సర్దడం ఆయనకి తెలిసిన విద్య. మా అయిదుగురి జట్టుకీ ఆయన కాడి అలాగే సర్దాడు.

ఆ సర్దుబాటు ఇదీ. నేను బంతి తట్టుకుంటూ కోర్టు మధ్యనుండే సగం గీత దాటిస్తాను. మస్తాన్‌బీ ఎదుటివాళ్ల బుట్ట కింద వీపు ఆనించి, చేతులు పైకెత్తి నిలబడుతుంది. నేను గాని, కోర్టు పక్క అంచున నిలబడే విజయ గాని, ఆమె తలకంటే పైకి బంతి విసరాలి. ఇంకెవరికీ అందనంత ఎత్తున ఆమె అందుకుంటుంది, గిర్రున తిరుగుతుంది, వేస్తుంది. పడితే సరే, పడకపోతే తిరిగొచ్చిన బంతినీ ఆమే పట్టుకుని మళ్లీ వేస్తుంది. మిగతా నలుగురం ఏం చెయ్యాలి? చూడాలి. "బంతి ముందు మస్తాన్‌బీకి" అన్నది ఆ మూడేళ్లలో నేను విన్న ఏకైక వ్యూహం. పొద్దున్నే అదే, సాయంత్రం అదే. ఓ సారి జ్వరంతో హాస్టల్లో పడుకుని నిద్రలో కూడా ఆ మాటే కలవరించానని విజయ ఇప్పటికీ ఏడిపిస్తుంది.

గెలవలేదా అంటే గెలిచాం. అదే కదా నా ఏడుపు. ఓడిపోయుంటే ఆయనకి ఎప్పటికైనా అనుమానం వచ్చేది. గుంటూరు, తెనాలి, నరసరావుపేట, చీరాల ఎక్కడికి పోయినా మస్తాన్‌బీ భుజం దాకా వచ్చే పిల్లే ఉండేది కాదు. ఎదుటి జట్టు వాళ్లు ఆమె చేతులు పట్టుకుని వేలాడేవాళ్లు, నడుములో మోచేతులు దింపేవాళ్లు, జెర్సీ పట్టుకు గుంజేవాళ్లు. ఆట అయ్యేసరికి ఆమె చేతుల మీద గోళ్ల గీతలు. మాస్టారు ఆ గీతలు చూసి మురిసిపోయేవాడు. "దెబ్బ తిన్నా కాలు వెనక్కి వెయ్యలేదు చూశావా" అనేవాడు నాతో. ఎదురుగా నిలబడి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు.

"సార్, విజయకి దూరం నుంచి షాట్ పడుతుంది. నాకూ పడుతుంది. మేం కూడా వేస్తే వాళ్లు మా మీదకి రావాలి. అప్పుడు మస్తాన్‌బీ మీద ఇంతమంది పడరు."

"నీకు పడుతుంది, కాదన్లా. పదిట్లో ఎన్ని పడతయి?"

"సగం పడతాయి."

"దానికి?"

"దానికి ముప్పావు."

"మరి ఇంకేంటే నీ వాదన? సగం పండే చేనుకి నీళ్లు పెట్టి, ముప్పావు పండేదాన్ని ఎండబెట్టమంటావా?"

ఇలాంటి లెక్కకి జవాబు చెప్పడం ఎలాగో నాకు అప్పుడూ తెలియలేదు, ఎకనామిక్స్‌లో ఎమ్మే చేసి పిల్లలకి పాఠాలు చెబుతున్న ఇప్పుడూ తెలియదు. తప్పు ఎక్కడుందో తెలుసు. ఆ తప్పుని ఆయన భాషలో పెట్టడం రాదు.

ఆదివారాలు మస్తాన్‌బీ మా ఇంటికి వచ్చేది. మా నాన్నది మిర్చి వ్యాపారం. యార్డులో స్థలం చాలకపోతే గోతాలు మా ఇంటి వసారాలోకీ వచ్చేసేవి. మిర్చి కోతల కాలంలో మా ఇంటికి వచ్చిన చుట్టాలు పలకరింపుకి ముందు తుమ్మేవాళ్లు. తుమ్ములకి అలవాటుపడి మా ఇంట్లో ఎవరూ "చిరంజీవ" అనడం కూడా మానేశారు. దిండ్లకి ఆ ఘాటు, పుస్తకాలకి ఆ ఘాటు, పాలు కాచినా ఓ పొర కింద ఆ ఘాటే. మా నాయనమ్మ ఆ గోతాల మధ్య మంచం వేసుకుని, తాలుకాయలు ఏరించుకుంటూ, వచ్చేపోయేవాళ్లని కళ్లజోడు పైనుంచి చూస్తూ ఉండేది. మొదటిసారి మస్తాన్‌బీ మా గుమ్మంలో తల కొట్టుకున్నప్పుడు, "అయ్యో తల్లీ, దెబ్బ తగిలిందా" అనలేదు. "అమ్మాయ్, వచ్చినదానివి వచ్చావుగా, ఆ అటక మీద మాగాయ జాడీ దించు" అంది. ఇక అప్పటి నుంచి అటక మస్తాన్‌బీ చేతిలోకి పోయింది. మా అన్నయ్య బల్ల వేసుకుని ఎక్కబోయినా, "నువ్వుండరా, ఆదివారం ఆ పిల్లొస్తుందిగా" అనేది నాయనమ్మ. వారం పొడుగునా మా ఇంట్లో పప్పు డబ్బాలు, పచ్చడి జాడీలు, శీతాకాలం దుప్పట్లు ఆదివారం కోసం కాచుకుని ఉండేవి. కోటేశ్వరరావు మాస్టారిని నేను తిడుతుంటే అమ్మ నవ్వేది. "మన ఇంట్లో జరిగేదీ అదేగా" అని.

మాస్టారు మా అమ్మకి ప్రత్యేకంగా కబురు పెట్టాడు, ఆ పిల్ల వస్తే ఉలవచారు పెట్టమని. పందెం ఎడ్లకి ఉలవలు ఉడకబెట్టి పెడతారు కదా, అదే వైద్యం. అమ్మ కుండలో పొద్దుటి నుంచి మరగపెట్టి, వెన్న వేసి పెట్టేది. మస్తాన్‌బీ తలవంచుకుని మూడోసారి వడ్డించుకునేది. "ఎంత చక్కగా తింటుందో చూడు, నువ్వూ ఉన్నావ్ ఎందుకు" అని అమ్మ నా మీద పడేది.

ఓ ఆదివారం భోజనాలయ్యాక, మెట్ల మీద కూర్చుని మస్తాన్‌బీ అడిగింది, "పద్మా, బంతి తట్టడం నాకు నేర్పవా?" అని.

"సారు వద్దంటాడుగా."

"సారుకి చెప్పొద్దులే. కడపలో ఎవరో అమ్మాయికి బ్యాంకులో ఉద్యోగం ఇచ్చారంట, ఆట చూసి. ఆ బ్యాంకు జట్టువాళ్లు మన ఫైనల్‌కి వస్తారంట. హాస్టల్లో అనుకుంటున్నారు. అక్కడ ఆడాలంటే అన్నీ రావాలంట."

"నీకు బ్యాంకు ఉద్యోగం కావాలా?"

"నాకు సరిపోయే కుర్చీ కావాలే. కాళ్లు చాపుకునేది. మా ఇంట్లో యాడ కూర్చున్నా మోకాళ్లు గడ్డానికి తగులుతయి."

అంత నవ్వుతూ చెప్పింది గాని, ఆ మూడేళ్లలో ఆమె నోరు తెరిచి తనకి ఫలానాది కావాలని అన్నది అదొక్కసారే. మేడ మీద మిరపకాయలు ఆరబోసిన చాపలు పక్కకి లాగి, చాపకీ చాపకీ మధ్య సందులో నేర్పడం మొదలుపెట్టాను. బంతి దుమ్ములో పడి లేచినప్పుడల్లా ఘాటు లేచేది. ఇద్దరం కళ్లనీళ్లు కార్చుకుంటూ, తుమ్ముకుంటూ తట్టేవాళ్లం. కింద నుంచి నాయనమ్మ కేకలు, "ఏమే, నా నెత్తి మీద రోకలి పోట్లేంటే! నా కాయలు తొక్కారంటే చూడండి!" అని. మస్తాన్‌బీ చేతులు పొడుగు, నేల దూరం. బంతి మోకాలికి తగిలి పారిపోయేది, దాని వెంట ఆమె, ఆమె వెంట నా తిట్లు. అయినా పట్టు వదల్లేదు. నాలుగైదు వారాల్లో తల ఎత్తి, బంతి వైపు చూడకుండా, మేడ ఈ చివర నుంచి ఆ చివరకి వచ్చే స్థితికి వచ్చింది. అక్కడితో ఆపి ఉండాల్సింది. కానీ ఆమె సంతోషం పట్టలేక ఓ సాయంత్రం ప్రాక్టీసులో, బంతి నాకు ఇవ్వకుండా తనే తట్టుకుంటూ బయల్దేరింది. సగం గీత దాటింది కూడా.

మాస్టారు విజిల్ ఊదిన ఊదుడుకి రోడ్డు మీద రిక్షా ఆగింది.

"ఎవరే దానికి నేర్పింది?"

"నేనే సార్" అన్నాను.

"పందెం గిత్తని ఎవడన్నా అరకకి కడతాడటే? మా ఇంట్లో పందెం ఎడ్లని బండికి కట్టం, నాగలికి కట్టం. మేపుతాం, లాగిస్తాం, అంతే. అడ్డమైన పనులన్నీ చేయిస్తే దానికి లాగే ఒడుపు పోతది. బంతి తేవడానికి నువ్వున్నావుగా?"

"గిత్తకి ఉద్యోగం అక్కర్లేదు సార్. దీనికి కావాలి."

ఆయన మొహం ఎర్రబడింది. "ఉద్యోగం నేను ఇప్పిస్తా. నువ్వు బంతి ఇవ్వు చాలు" అన్నాడు. ఆ మాట ఆయన నిజంగానే నమ్మి అన్నాడు. మనిషి చెడ్డవాడైతే నా పని తేలికయ్యేది, హాయిగా తిట్టుకునేదాన్ని. సొంత డబ్బుతో మాకు బూట్లు కొన్న మనిషి. మా ఇళ్లకి వచ్చి, ఆడపిల్లల్ని వేరే ఊరు పంపేది లేదన్న తండ్రుల ముందు గంటలకొద్దీ కూర్చున్న మనిషి. మస్తాన్‌బీ ఆ సాయంత్రమే తట్టడం మానేసింది. మేడ మీదకి రమ్మంటే, "సారుకి ఇష్టం లేదుగా" అంది. నేను వాదించాను. నాతో వాదించడం ఆమెకి రాదు. వాదించకుండా మాట వినకపోవడం మాత్రం బాగా వచ్చు.

ఫైనల్ మా కోర్టులోనే. మార్చి ఎండ, యార్డు వైపు నుంచి గాలి. ఎదుటి ఊరి పిల్లలు వస్తూనే తుమ్ములు మొదలుపెట్టారు, అదొక్కటే మాకు ఆ రోజు కలిసొచ్చింది. బ్యాంకు జట్టు తాలూకు ఇద్దరు టేబులు దగ్గర కూర్చున్నారు. ఒకాయన లావుగా, ఒకావిడ పొట్టి జుట్టుతో. మస్తాన్‌బీ నాన్న తెల్లవారుజామున పొదిలి బస్సెక్కి వచ్చి, ఉతికిన చొక్కాలో, వేపచెట్టు కింద గొంతుక్కూర్చున్నాడు. ఆట మొదలైన అయిదు నిమిషాలకే సంగతి అర్థమైపోయింది. వాళ్లు మమ్మల్ని చూసి నేర్చుకుని వచ్చారు. మా బంతి ఎక్కడికి పోతుందో జిల్లా అంతటికీ తెలుసు. ఆమె ముందొకతె, వెనకొకతె, పక్కనొకతె. నా ఎదుట ఎవరూ లేరు. విజయ దగ్గరా ఎవరూ లేరు. మేం కోర్టులో ఉన్నట్టే వాళ్లు లెక్కపెట్టలేదు. పైకి విసిరితే ఆరు చేతులు తగులుతున్నాయి. చూడ్డానికి వచ్చినవాళ్ల ముందు మస్తాన్‌బీ చేతులెత్తి నిలబడి ఉంది, రాని బంతి కోసం.

ఒకసారి ఎలాగో అందుకుంది. అందుకుని, సందు లేక, నాకు తిరిగి విసిరేసింది. నేను వేశాను. పడింది. తర్వాతిసారి విజయ వేసింది. పడింది. మళ్లీ నేను. వాళ్లలో ఒకతె గాభరాగా నా మీదకి పరిగెత్తుకొచ్చింది, ఆ వెంటనే ఇంకొకతె విజయ మీదకి. బుట్ట కింద ఆమె ఒక్కతె మిగిలింది. అప్పుడు పడింది బంతి ఆమె చేతిలోకి. ఎంత హాయిగా వేసిందో! అలా మూడుసార్లు. టేబులు దగ్గర పొట్టి జుట్టు ఆవిడ ముందుకి వంగడం నేను చూశాను. ఇక ఆట మాది అనుకుంటుండగా విజిల్ పడింది. మాస్టారు నన్ను బయటికి రమ్మంటున్నాడు.

"నిన్ను కొట్టమన్నానా?"

"పడింది కదా సార్!"

"పడితే? ఇయ్యాల ఎవర్ని చూడ్డానికి వచ్చారే వాళ్లు, నిన్నా? ఆ పిల్ల బతుకుతో ఆడుకుంటావా నువ్వు?"

ఆ పిల్ల బతుకు కోసమే వేశానని చెప్పేలోపే ఇంకో పిల్లని లోపలికి పంపేశాడు. మిగతా ఆటంతా బెంచీ మీద కూర్చుని చూశాను. నా బదులు వెళ్లిన పిల్ల చెప్పినట్టే పైకి విసిరింది. మళ్లీ ముగ్గురు, ఆరు చేతులు, మోచేతులు. మస్తాన్‌బీ దెబ్బలు తిని తిని, ఆ దెబ్బలకి ఇచ్చిన ఫ్రీ త్రోలు వేసి, చివరికి గెలిపించింది. రెండు పాయింట్లతో. కాలేజీ అంతా ఈలలు. మాస్టారు నా వైపు ఓ చూపు చూశాడు, చూశావా అన్నట్టు.

జనం సర్దుకున్నాక పొట్టి జుట్టు ఆవిడ మస్తాన్‌బీని పిలిచింది. బంతి చేతికిచ్చి, "ఆ చివర నుంచి ఈ చివరకి తట్టుకుంటూ రా అమ్మా" అంది. మస్తాన్‌బీ మాస్టారి వైపు చూసింది, తర్వాత నా వైపు. బయల్దేరింది. నాలుగో తట్టుకి బంతి బూటుకి తగిలి వేపచెట్టు కిందికి దొర్లింది. వాళ్ల నాన్న లేచి, రెండు చేతులతో తీసి, తుడిచి ఇచ్చాడు. మళ్లీ బయల్దేరింది, మళ్లీ పోయింది. "పోనీ, బుట్టకి ఎదురుగా నిలబడి, ఇంత దూరం నుంచి ఓ షాట్ వెయ్యి" అంది ఆవిడ. ఫ్రీ త్రో గీత కంటే దూరం నుంచి ఆమె ఎప్పుడూ వేసి ఎరగదు. బంతి బోర్డు దాకా కూడా పోలేదు. ఆవిడ మంచి మనిషే, నొచ్చుకుంటూ చెప్పింది. "మంచి ఎత్తమ్మా నీది. కానీ మా జట్టులో నీకంటే పొడుగువాళ్లు ఇద్దరున్నారు. బుట్ట కింద వాళ్లుంటారు. బయటికొచ్చి ఆడేవాళ్లు కావాలి మాకు." అంతే. జీపెక్కి వెళ్లిపోయారు.

"ఏమన్నారమ్మా?" అని వాళ్ల నాన్న నన్ను అడిగాడు. నేను మాస్టారి వైపు చూశాను. "వాళ్లకి ఆట తెలీదులేవయ్యా" అన్నాడు మాస్టారు. అన్నాడు గాని జీపు పోయిన గేటు వైపే చూస్తూ నిలబడ్డాడు. మస్తాన్‌బీ బూట్ల తాళ్లు విప్పుకుంటూ, "మళ్లీ వస్తార్లే నాయనా" అంది. మళ్లీ రాలేదు.

ఇన్నేళ్లుగా ఈ కథ చెప్పి నేను ఎంతమందితో వాదించానో. ఆటలు తెలిసినవాళ్లు నీదే కరెక్టంటారు, తెలియనివాళ్లు గెలిచారుగా అంటారు. నేను పాఠం చెప్పే కాలేజీలో బాస్కెట్‌బాల్ కోర్టే లేదు, నాలుగంతస్తుల అద్దె భవనం. మా రోజుల్లో ఆట స్థలం ఉండేది, ఇప్పుడు లేదు అని మూలిగే రకం కాదు నేను. నాకు మండేది ఏంటంటే, ఆ కోర్టు పోయింది గాని ఆ ఆట మాత్రం అన్ని గదుల్లోకీ వచ్చేసింది. పిల్లలు చేరిన నెలలోనే పరీక్ష పెట్టి, ర్యాంకు తెస్తారనుకున్నవాళ్లని ఏరి, వేరే సెక్షన్‌లో పెడతారు. మంచి లెక్చరర్లు వాళ్లకి, ఏసీ వాళ్లకి, హాస్టల్లో గుడ్లు కూడా వాళ్లకి ముందు. మిగతా సెక్షన్ల పిల్లలు వాళ్ల ఫ్లెక్సీల ఖర్చుకి ఫీజులు కడతారు. పోనీ ఆ ఏరిన పిల్లలన్నా బాగుపడుతున్నారా అంటే, మూడు సబ్జెక్టులు తప్ప ఇంకేమీ ముట్టుకోనివ్వరు. మొన్నొక పిల్ల, పోయినేడాది మా గోడ మీద ఫ్లెక్సీలో ఉన్న పిల్ల, బ్యాంకులో ఖాతా తెరవడానికి వెళ్లి కాగితం నింపలేక ఏడుస్తూ ఫోన్ చేసింది. స్టాఫ్ మీటింగులో ఈ మాట అంటే, "ఫలితాలు వస్తున్నాయి కదండీ పద్మగారూ" అంటారు. ఆ మాట ఎక్కడ విన్నానో నాకు తెలుసు. కోటేశ్వరరావు మాస్టారికి కనీసం ఎడ్లంటే ప్రేమ ఉండేది.

ఇదంతా మైకులో అనేయాలనే సన్మానానికి వెళ్లాను. మస్తాన్‌బీ నాకంటే ముందే వచ్చింది. తర్వాత్తర్వాత ఆటల టీచరు కోర్సు చదివి, పొదిలి దగ్గరే ఓ ప్రైవేటు స్కూల్లో డ్రిల్లు టీచరు అయింది. జుట్టు నెరిసింది, మోకాలికి పట్టీ కట్టింది. స్కూలు బస్సులో తన పిల్లల జట్టుని వెంటబెట్టుకు వచ్చింది, సారు ముందు ఓ ఆట ఆడిద్దామని. మా కాలేజీ పిల్లలతో పోటీ. నన్ను చూస్తూనే పక్కకి లాగింది.

"పద్మా, నువ్వియ్యాల ఆయన్ని ఏమీ అనబాకు."

"ఎందుకు అనకూడదు?"

"పుట్టినకాణ్ణించి అందరూ నన్ను వంగమన్నోళ్లే. బస్సులో వంగు, ఫోటోలో వంగు, పెళ్లిచూపుల్లో అయితే కూర్చునే ఉండు. చేతులు పైకెత్తి నిలబడమన్నది ఆయనొక్కడే."

"నిలబడ్డం ఒక్కటేగా నేర్పింది!"

"అదన్నా నేర్పాడుగా" అని, నాకు ఇంకో మాట ఆడే సందివ్వకుండా వెళ్లి, మాస్టారికి నమస్కారం పెట్టి, ఆయన కుర్చీ నీడలోకి జరిపింది.

ముఖ్య అతిథి ఇంకా రాలేదు గనక ముందు ఆట మొదలుపెట్టారు. మస్తాన్‌బీ జట్టులో ఓ పిల్ల ఉంది, తొమ్మిదో తరగతి, పేరు అంజలి. మా కాలేజీ పిల్లలందరికంటే ఓ తల ఎత్తు ఎక్కువ. ఆ పిల్లని చూడగానే మాస్టారు కుర్చీలో నిటారుగా అయ్యాడు. నేనూ అయ్యాననుకోండి. ఆట మొదలైంది. కొత్తగా వేసిన రంగు మీద, తమ బుట్ట కింద నుంచి బంతి తట్టుకుంటూ వచ్చింది ఎవరు? ఆ అంజలే. నడుము వంచి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, కాలు ఎటో చెయ్యి ఎటో. మా కాలేజీ పొట్టి పిల్ల ఒకతె కిందనుంచి చెయ్యిపెట్టి చక్కా లాక్కుపోయి బుట్టలో వేసింది. మళ్లీ అంజలే తెచ్చింది. మళ్లీ పోయింది.

"ఎన్ని గెలిచారే ఈ ఏడాది?" అన్నాను మస్తాన్‌బీతో.

"గెలవడమా? ఇంకా లేదు."

"ఇంత పొడుగు పిల్లని పెట్టుకునా?"

"మా కరస్పాండెంటు కూడా అదే అంటన్నాడు. ఉద్యోగం పీకుతానని బెదిరిస్తన్నాడు."

"ఒసేయ్ మస్తాన్‌బీ!" మాస్టారు కుర్చీలోంచి అరుస్తున్నాడు. "ఆ పొడుగమ్మాయిని బుట్ట కిందికి పంపవే! బంతి పైకి వెయ్యమనవే!"

"అట్టాగే సార్" అంది మస్తాన్‌బీ, చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా. పంపలేదు.

తేడా పదిహేను పాయింట్లకి పెరిగింది. మాస్టారు ఆగలేకపోతున్నాడు. ఎవరో కప్పబోయిన శాలువా పక్కకి తోసేశాడు. "నువ్వన్నా చెప్పవే పద్మా, అది నీ మాట వింటుంది. పిల్ల నాశనమైపోతుందే!" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి ఆయనకి. అటు మైకులో నా పేరు పిలుస్తున్నారు, ముఖ్య అతిథి కారు గేటు దగ్గరికి వచ్చిందట, మేడమ్ వచ్చి నాలుగు సరదా మాటలు మాట్లాడాలట. నాలుగు మాటలు కాదు, నలభై మాటలు నా నాలుక మీద ఉన్నాయి. "ఆగండి, ఆట అవనివ్వండి" అన్నాను మైకు మనిషితో.

అంజలి ఈసారి సగం గీత దాటింది. తల ఎత్తింది. ఎత్తిన క్షణంలోనే బంతి మోకాలికి తగిలి మా కాళ్ల దగ్గరికి దొర్లింది. ఆ పిల్ల సిగ్గుతో మెడ దించుకుని వచ్చి నిలబడింది. మస్తాన్‌బీ మోకాలు పట్టుకుని కష్టపడి వంగి, బంతి తీసి, ఆ పిల్ల చేతిలో పెట్టింది.

"ఏం కాలా. మళ్లీ ఆ చివర్నించి తీసుకురా."